సరళరేఖకు పెడసరి సలహాలు

ఎనిమిదో ఇయర్, తొమ్మిదో ఇయర్ చదివే పిల్లలున్న టూవూంబా తెలుగు తల్లిదండ్రులకు

వై = 2ఎక్స్ + 3. దీనికి గ్రాఫు గీసుకు రమ్మని బడిలో కాగితం ఇస్తారు. నాన్న కూతురి పక్కన కూర్చుని, గుంటూరులోనో కరీంనగర్‌లోనో తాను నేర్చుకున్న పద్ధతి మొదలుపెడతాడు. పట్టిక గీయి, ఎక్స్‌కి 0, 1, 2 వెయ్యి, వై విలువలు కట్టు, చుక్కలు పెట్టు, స్కేలుతో కలుపు. గీత వస్తుంది, టిక్కు పడుతుంది. మర్నాడు అదే అమ్మాయిని పెన్సిలూ కాగితమూ లేకుండా అడిగి చూడండి: "ఈ గీత ఎక్కుతుందా, దిగుతుందా? వై అక్షాన్ని ఎక్కడ తాకుతుంది?" చాలామంది పిల్లలు నోరు విప్పరు. గీయడం వచ్చింది కానీ గీసింది ఏమిటో తెలియదు.

శనివారాల్లో ఇక్కడి తెలుగు పిల్లలకు లెక్కలు చెబుతుంటాను. ఈ సలహాలు ఆ బల్ల దగ్గర పుట్టినవే. వినగానే "ఇదేం చోద్యం, ఉన్నదీ పోతుంది" అనిపిస్తుంది. ట్యూషన్ సెంటర్లు చెప్పేదానికి ఇవి చాలావరకు ఎదురు. అయినా నేను పాటించేవి ఇవే, మీరూ పాటించాలని గట్టిగా కోరుతున్నాను.

అన్నిటి వెనకా ఉన్న మాట ఒక్కటే. వై = ఎంఎక్స్ + సి అనే ఈ సమీకరణంలో అంకెలు రెండే. సి ఎక్కడ మొదలో చెబుతుంది, ఎం ఒక్కో అడుగుకీ ఎంత మారుతుందో చెబుతుంది. మన పుస్తకాల్లో సిని వై-అంతరఖండం అనీ, ఎంని వాలు అనీ చదువుకున్నాం. ఇక్కడి బడుల్లో వాలును గ్రేడియెంట్ అంటారు. అమెరికా వీడియోల్లో సి ఉండాల్సిన చోట బి ఉంటుంది. ఆ రెండంకెల్నీ పిల్లల కంటికి కనిపించేలా చేసే ఏ పనైనా చేయించండి. వాటిని కప్పేసే పని ఎంత పాత అలవాటైనా కొన్నాళ్ళు పక్కన పెట్టండి.

1. పట్టిక వేయనివ్వకండి

పట్టిక పద్ధతి తప్పు కాదు. దాంతో వంపు గీతలు కూడా గీయొచ్చు. చిక్కు కూడా అక్కడే ఉంది. ఏ సమీకరణానికైనా ఒకేలా పనిచేస్తుంది కాబట్టి, ఎదురుగా ఉన్నది సరళరేఖ అన్న సంగతిని పిల్లలు పట్టించుకోవాల్సిన పనే ఉండదు. 2 ఏం చేస్తోందో, 3 ఏం చేస్తోందో చూడకుండానే లెక్క ముగిసిపోతుంది.

కనీసం రెండు వారాలు పట్టిక మానిపించి ఇలా చేయించండి. వై = 2ఎక్స్ + 3లో ముందు 3 చూడమనండి. వై అక్షం మీద 3 దగ్గర చుక్క పెట్టాలి, అంటే (0, 3). ఇప్పుడు 2 చూడమనండి. 2 అంటే 2/1. కుడికి ఒకటి, పైకి రెండు. (1, 5) దగ్గర రెండో చుక్క. మళ్ళీ కుడికి ఒకటి, పైకి రెండు. (2, 7). గీత వచ్చేసింది, పిల్ల ఒక్క గుణకారం కూడా చేయలేదు.

భిన్నాలు వచ్చినప్పుడు తేడా ఇంకా బాగా తెలుస్తుంది. వై = (2/3)ఎక్స్ − 1 తీసుకోండి. పట్టికలో ఎక్స్‌కి 1 వేస్తే వై −1/3 వస్తుంది, 2 వేస్తే 1/3 వస్తుంది. గ్రాఫు కాగితం మీద మూడో వంతును పిల్లలు కంటి అంచనాతో పెడతారు. చుక్క కాస్త జరుగుతుంది, గీత వంకరపోతుంది, "నాకు గ్రాఫులు రావు" అని ముఖం ముడుచుకుంటారు. అడుగుల పద్ధతిలో (0, −1) దగ్గర మొదలుపెట్టి కుడికి మూడు, పైకి రెండు వెళితే (3, 1). మరోసారి వెళితే (6, 3). వెనక్కి రావాలంటే ఎడమకి మూడు, కిందికి రెండు, అంటే (−3, −3). ప్రతి చుక్కా గడి మూల మీద సరిగ్గా కూర్చుంటుంది. ఈ కారణంతోనే 2/3ని 0.67గా మార్చనివ్వకండి. కాలిక్యులేటర్ 0.67 అనగానే "మూడు కుడికి, రెండు పైకి" అన్న ఆజ్ఞ చెరిగిపోతుంది.

2. ముందు తప్పు గీత గీయించండి

సరైన గీత ఎలా గీయాలో చూపించే ముందు, పిల్లలు చేసే తప్పుల్నే కావాలని చేయించండి. వై = −2ఎక్స్ + 5ని తీసుకుని ఒకే కాగితం మీద నాలుగు తప్పు గీతలు నాలుగు రంగుల్లో గీయమనండి.

మొదటిది, రెండంకెలూ తారుమారు: −2 దగ్గర మొదలై, అడుగుకి ఐదు ఎక్కే గీత. రెండోది, మైనస్ మరచిపోవడం: 5 దగ్గర మొదలై, అడుగుకి రెండు ఎక్కేది. మూడోది, వాలును బోర్లించడం: 5 దగ్గర మొదలై, కుడికి రెండు వెళ్ళి ఒకటే దిగేది. నాలుగోది, 5ని వై అక్షం మీద పెట్టాల్సింది పోయి ఎక్స్ అక్షం మీద పెట్టి, అక్కణ్ణుంచి అడుగుకి రెండు దిగేది. చివరగా నల్ల పెన్సిల్‌తో సరైనది: (0, 5), (1, 3), (2, 1).

పిల్లల కాగితాల్లో మళ్ళీ మళ్ళీ కనబడేవి ఈ నాలుగే. తప్పును తనే గీసి, దానికి పేరు పెట్టుకున్న పిల్లవాడు పరీక్షలో అదే తప్పు తన చేతి కింద తయారవుతుంటే గుర్తుపడతాడు. తప్పులు చూపిస్తే అవే అంటుకుంటాయని భయపడే తల్లిదండ్రులున్నారు. పేరు తెలియని తప్పే అంటుకుంటుంది.

3. ఎక్స్ = 1తో సరిచూడనివ్వకండి

గీత సరిగా వచ్చిందో లేదో తేల్చడానికి అందరూ ఎక్స్‌కి 1 వేసి చూడమంటారు. తేలిక కదా అని. మీరు మాత్రం వద్దనండి. పైన గీసిన మొదటి తప్పు గీతనే చూడండి. దాని సమీకరణం వై = 5ఎక్స్ − 2. ఎక్స్ = 1 వేస్తే 3 వస్తుంది. సరైన గీత వై = −2ఎక్స్ + 5లో ఎక్స్ = 1 వేసినా 3 వస్తుంది!

ఇది కాకతాళీయం కాదు. ఎక్స్ = 1 అయినప్పుడు వై అంటే ఎం + సి. ఎం, సి తారుమారైనా మొత్తం మారదు. కాబట్టి పిల్లలు ఎక్కువగా చేసే తప్పును ఎక్స్ = 1 ఎన్నడూ పట్టుకోలేదు. ఎక్స్‌కి 2 వేయించండి. సరైన గీత 1 అంటుంది. నాలుగు తప్పు గీతలూ వరసగా 8, 9, 4, 6 అంటాయి. దొంగలందరూ ఒకేసారి దొరుకుతారు. రెండు చుక్కలు చాలు గీత గీయడానికి, కానీ మూడో చుక్క లేనిదే గీతను నమ్మొద్దని చెప్పండి. ఆ మూడో చుక్క అడుగులు వేసి కనుక్కున్నది అయి ఉండకూడదు, సమీకరణంలో విలువ వేసి కనుక్కున్నది కావాలి. అడుగులోనే తప్పుంటే అదే అడుగు ఎన్నిసార్లు వేసినా తప్పు బయటపడదు. పక్కన పెట్టిన పట్టికకు న్యాయమైన చోటు ఇదే, ఒక్క వరసతో.

4. స్కేలు లోపల పెట్టి రేంజ్ రోడ్డు ఎక్కించండి

స్కేలు చేతిలో ఉంటే పిల్లలు ముందు గీసేస్తారు, తర్వాత ఆలోచిస్తారు. అందుకే స్కేలు సొరుగులో పెట్టండి. సమీకరణం చూడగానే ముంజేతిని గాల్లో వంచి చూపించమనండి: గీత ఇలా ఎక్కుతుందా, ఇలా దిగుతుందా, ఎంత నిటారుగా?

టూవూంబాలో ఉన్నవాళ్ళకు దీనికి మించిన బడి లేదు. మన ఊరు గ్రేట్ డివైడింగ్ రేంజ్ అంచున, సముద్రమట్టానికి సుమారు 700 మీటర్ల ఎత్తున ఉంది. బ్రిస్బేన్ నుంచి వస్తుంటే విత్‌కాట్ దాటగానే కొండ ఎదురవుతుంది. పాత వారెగో హైవే మీద ఎక్కుడు కొన్నిచోట్ల 10 శాతం దాకా ఉంటుంది. 2019 సెప్టెంబరులో తెరిచిన కొత్త బైపాస్‌ను 6.5 శాతం మించకుండా కట్టారు. 1867లో ఈ ఊరికి చేరిన రైలుమార్గం అదే కొండను 50కి 1 చొప్పున, అంటే 2 శాతంతో ఎక్కుతుంది.

ఈ మూడంకెల్నీ ఎంలుగా రాయించండి: 0.1, 0.065, 0.02. 400 మీటర్లు ఎక్కాలనుకుందాం. 10 శాతంతో అయితే 4 కిలోమీటర్లు చాలు. 6.5 శాతంతో 6 కిలోమీటర్లకు కొంచెం పైన. రైలుకైతే 20 కిలోమీటర్లు. ఎక్కాల్సిన ఎత్తు ఒకటే అయినా, వాలు తగ్గిన కొద్దీ దారి పొడవు పెరుగుతుంది. నున్నటి పట్టాల మీద ఇనుప చక్రాలకు పట్టు తక్కువ కాబట్టి 1867 నాటి ఇంజనీర్లు ఆ పొడవును ఒప్పుకుని, సొరంగాలు తవ్వి, మెలికలు తిప్పి పట్టాలు వేశారు. వాలు అన్నది బతుకులో ఎంత పెద్ద అంకో పిల్లలకు ఇక్కడ అర్థమవుతుంది. బండెడు బరువుతో ఉన్న లారీ చిన్న గేరులో మూలుగుతూ పాకడం వాళ్ళు చిన్నప్పటి నుంచీ చూస్తున్నారు.

ఇప్పుడు అసలు ప్రశ్న అడగండి. "మనం బ్రిస్బేన్ నుంచి ఇంటికొస్తూ కొండెక్కుతాం కదా, మరి ఆ రోడ్డు గ్రాఫు వాలు ప్లస్సా, మైనస్సా?" పిల్లలంతా ప్లస్ అంటారు. మ్యాపులో లాగా తూర్పును కుడివైపు పెట్టి గీయమనండి. టూవూంబా ఎడమన, ఎత్తులో. బ్రిస్బేన్ కుడిన, పల్లంలో. గీత ఎడమ నుంచి కుడికి దిగుతుంది. వాలు మైనస్! పైన 600 మీటర్లు, 10 శాతం వాలు అనుకుంటే వై = −0.1ఎక్స్ + 600. కొండ అంచు నుంచి తూర్పుకి 1000 మీటర్లు వెళితే ఎత్తు 500 మీటర్లు. మనం ఏ దిక్కున ప్రయాణించినా గ్రాఫును మాత్రం ఎప్పుడూ ఎడమ నుంచి కుడికే చదవాలి. ఎన్ని పుస్తకాలు తిప్పినా నిలవని ఈ నియమం ఒక్క కారు ప్రయాణంతో నిలుస్తుంది.

5. గళ్ళు లెక్కపెట్టనివ్వకండి

"కుడికి ఒక గడి, పైకి రెండు గళ్ళు" అని చెప్పే అలవాటు మనలో బాగా ఉంది. రెండు అక్షాల మీదా గడికి ఒకటి చొప్పున ఉన్నంతవరకు అది చెల్లుతుంది. మీరు కావాలని చెడగొట్టండి. ఎక్స్ అక్షం మీద గడికి 1, వై అక్షం మీద గడికి 10 పెట్టి వై = 2ఎక్స్ + 3 గీయమనండి. గీత దాదాపు పడుకుంటుంది. తర్వాత వై అక్షం మీద గడికి అర పెట్టి గీయమనండి. గీత నిటారుగా లేస్తుంది. సమీకరణం ఒకటే, ఎం అప్పుడూ ఇప్పుడూ 2 మాత్రమే.

బొమ్మ నిటారుగా ఉందా, వాలిందా అన్నది కంటికి కనిపించే విషయం. ఎం ఎంత అన్నది అక్షాల మీద రాసిన అంకెల్లో ఉండే విషయం. ఈ రెండిటి తేడా తెలిసినవాళ్ళను వార్తల్లో వచ్చే గ్రాఫులతో మోసం చేయడం కష్టం. పెద్దయ్యాక లెక్కల జోలికి పోని పిల్లలకు కూడా ఇది పనికొస్తుంది.

6. పుస్తకం మూసి కరెంటు బిల్లు తెరవండి

హోంవర్కు పూర్తికాక ముందే పుస్తకం మూయించమని ఎవరూ చెప్పరు. నేను చెబుతున్నాను. ఇంట్లో కరెంటు బిల్లు తెచ్చి బల్ల మీద పెట్టండి. అందులో రెండు రకాల ఛార్జీలుంటాయి. రోజుకింత అని సప్లై ఛార్జీ, యూనిట్‌కింత అని వాడకం ఛార్జీ. మీ బిల్లులో అంకెలు వేరుగా ఉంటాయి, లెక్క తేలిక కోసం రోజుకి 1.30 డాలర్లు, యూనిట్‌కి 30 సెంట్లు అనుకుందాం. 90 రోజుల బిల్లుకి సప్లై ఛార్జీ 117 డాలర్లు. కాబట్టి వై = 0.30ఎక్స్ + 117.

డిసెంబరు సెలవుల్లో ఇంటికి తాళం వేసి, ఫ్రిజ్ కూడా ఆపేసి, అందరూ హైదరాబాద్ వెళ్ళారనుకోండి. వెళ్ళిన రోజుల్లో ఒక్క యూనిట్ కాలదు, అయినా సప్లై ఛార్జీ రోజూ పడుతూనే ఉంటుంది. 90 రోజులూ అలాగే ఉంటే 117 డాలర్లు కట్టాల్సిందే. ఏమీ వాడకపోయినా కట్టేదే సి. ఈ మాట ఒకసారి బిల్లు మీద వేలు పెట్టి చూపిస్తే చాలు, (0, 117) ఎందుకు ఎక్స్ అక్షం మీద కాకుండా వై అక్షం మీద ఉందో మళ్ళీ చెప్పనక్కర్లేదు.

గీయడం కూడా చేయించండి. ఎక్స్ అక్షం మీద గడికి 100 యూనిట్లు, వై అక్షం మీద గడికి 50 డాలర్లు. అడుగుకి ఒక్క యూనిట్ జరిగితే 30 సెంట్లు ఎక్కడ పెట్టాలో తెలియదు. 100 యూనిట్లు కుడికి జరిగితే 30 డాలర్లు పైకి. 117 నుంచి 147, అక్కణ్ణుంచి 177. 0.30 అంటే 30/100 అన్న సంగతి పిల్లలకు ఇక్కడ పనికొస్తుంది. ఇంటిపైన సోలార్ ఉందా? గ్రిడ్‌కి పంపిన యూనిట్లను ఎక్స్‌గా తీసుకుంటే ప్రతి యూనిట్‌కీ బిల్లు కొంత తగ్గుతుంది, వాలు మైనస్ అవుతుంది.

ఇక్కడితో ఆపకుండా, బడిలో ఇంకా చెప్పకపోయినా, అదే కాగితం మీద రెండో గీత గీయించండి. ఇంకో ప్లాన్‌లో రోజుకి 1 డాలరు, యూనిట్‌కి 33 సెంట్లు అనుకోండి. వై = 0.33ఎక్స్ + 90. ఇది కింద మొదలవుతుంది కానీ త్వరగా ఎక్కుతుంది. రెండు గీతలూ 900 యూనిట్ల దగ్గర, 387 డాలర్ల ఎత్తులో కలుస్తాయి. 900 కంటే తక్కువ వాడే ఇంటికి రెండో ప్లాన్ చవక, ఎక్కువ వాడే ఇంటికి మొదటిది. సిలబస్ కంటే ముందు వెళ్ళారని బెంగపడకండి. గీత ఎందుకు గీస్తామో తెలియని పిల్లకు ఆ ఒక్క ఖండన బిందువే జవాబు.

7. తాతయ్యకు తెలుగులో చెప్పించండి

బడిలో ఇంగ్లీషులో నేర్చినదాన్ని తెలుగులో చెప్పిస్తే తికమకపడతారని చాలామంది అనుకుంటారు. చెప్పించండి. గుర్తులు లేకుండా మాటల్లో చెప్పగలిగితేనే అర్థమైనట్టు. "మూడు దగ్గర మొదలై, అడుగుకి రెండు చొప్పున ఎక్కుతుంది తాతయ్యా." వై = 2ఎక్స్ + 3 అంటే ఇంతే కదా. పిల్లల తెలుగు తడబడినా ఈ వాక్యానికి సరిపోతుంది.

వీడియో కాల్‌లో చెప్పడానికి మంచి గీత కూడా సిద్ధంగా ఉంది. ఇండియా టైము ఎక్స్ అయితే మన టైము వై = ఎక్స్ + 4.5. తాతయ్యకు ఉదయం 6 అయితే మనకు పదిన్నర. ఒక గంట గడిస్తే ఇక్కడా ఒక గంటే గడుస్తుంది, కాబట్టి వాలు 1. చాలామంది పిల్లలు నాలుగు గంటల ముప్ఫై నిమిషాలని 4.30 అని రాసి గీతను కిందికి జార్చేస్తారు. అరగంట అంటే 0.5 అని ఇక్కడే దిద్దండి.

క్వీన్స్‌లాండ్‌లో గడియారాలు ముందుకీ వెనక్కీ తిప్పరు. 1992లో ప్రజల ఓటు అడిగితే డేలైట్ సేవింగ్ వద్దన్నారు. అందుకే మన సి ఏడాది పొడవునా 4.5 దగ్గరే ఉంటుంది. సిడ్నీలో ఉన్న పిన్నికి మాత్రం అక్టోబరు మొదటి ఆదివారం నుంచి ఏప్రిల్ మొదటి ఆదివారం దాకా 5.5. రెండు గీతలూ గీయించండి. సి మారింది, ఎం మారలేదు. గీత ఒకటి పైకి జరిగింది, వంగలేదు. సమాంతర రేఖలకు వాలు ఒకటే అన్న సూత్రాన్ని కంఠస్థం చేయించాల్సిన పని తప్పుతుంది.

8. అడ్డగీతనూ నిలువుగీతనూ చివరికి ఉంచండి

వై = 4, ఎక్స్ = 4. తేలిక కదా అని పుస్తకాలు వీటిని మొదట్లోనే ఇస్తాయి. నిజానికి పిల్లలు ఎక్కువగా తడబడేది వీటి దగ్గరే. వై = 4లో ఎక్స్ కనిపించదు, అడుగు ఎక్కడ వేయాలో తెలియదు. ఎం, సి బాగా అలవాటయ్యాక ఇవ్వండి. వై = 4 అంటే వై = 0ఎక్స్ + 4. నాలుగు దగ్గర మొదలై, అడుగుకి సున్నా ఎక్కుతుంది. పిక్నిక్ పాయింట్‌కి తీసుకెళ్ళి ఎదురుగా ఉన్న టేబుల్ టాప్ కొండను చూపించండి. పక్కలు నిటారుగా లేచి, పైన చదునుగా ఉంటుంది. ఆ చదును దగ్గర వాలు సున్నా.

ఎక్స్ = 4 అసలు ఈ రూపంలోకే రాదు. కుడికి అడుగు వేయకుండానే పైకి పోతోంది కాబట్టి, పైకి ఎంత అన్నదాన్ని సున్నాతో భాగించాల్సి వస్తుంది. దానికి వాలు నిర్వచించలేం. సున్నా వాలు వేరు, వాలు లేకపోవడం వేరు. ఈ తేడాను రెండు గీతలూ పక్కపక్కన పెట్టి చూపిస్తే తప్ప పట్టుబడదు.

9. డెస్మోస్ ముందే ఇచ్చేయండి

మన ఇళ్ళలో గ్రాఫు గీసే యాప్ అంటే కాపీ కొట్టినట్టే చూస్తారు. నా మాట విని డెస్మోస్‌నో జియోజీబ్రానో మొదటి వారమే ఇవ్వండి. ఒక్క షరతు: జవాబు చూడ్డానికి వాడకూడదు, ఊహను పరీక్షించుకోవడానికి వాడాలి. వై = ఎంఎక్స్ + సి అని కొట్టి ఎంకీ సికీ స్లైడర్లు పెట్టించండి. సిని జరిపితే గీత తన వాలు మార్చుకోకుండా పైకీ కిందికీ జరుగుతుంది. ఎంని జరిపితే వై అక్షం మీద ఒక్క చుక్క కదలకుండా ఉండి, మిగతా గీతంతా దాని చుట్టూ తిరుగుతుంది. కదలని ఆ చుక్క ఏమిటని అడగండి. (0, సి) అని పిల్లే చెబుతుంది. ఒక్కో గీతకు ఒక్కో కాగితం ఖర్చుచేస్తూ ఈ సంగతి తెలుసుకోవాలంటే నెల పడుతుంది.

స్లైడర్ జరిపే ముందు చెయ్యెత్తి చూపించడం మాత్రం తప్పనిసరి. ఎం 3 నుంచి −3కి వెళితే గీత ఏమవుతుంది? ముంజేయి ముందు, తెర తర్వాత.

10. గీత ఎక్కడ ఆపాలో అడగండి

బడి కాగితాల్లో గీతకు రెండు కొసలా బాణం గుర్తులు పెట్టిస్తారు. సమీకరణం ఒక్కటే ఇచ్చినప్పుడు అది న్యాయమే, ఆ గీతకు అంతు లేదు. కానీ మీరు బిల్లు గీతను చూపించి, "ఎడమకి పోనివ్వొచ్చా?" అని అడగండి. సున్నా కంటే తక్కువ యూనిట్లు ఎవరూ వాడరు, గీత (0, 117) దగ్గరే మొదలవ్వాలి. రోడ్డు గీత కొండ అడుగున ఆగాలి, లేకపోతే 6 కిలోమీటర్ల తర్వాత రోడ్డు సముద్రమట్టం కిందికి దిగుతుంది. టైము గీత ఇండియాలో రాత్రి 7:30 దగ్గర 24ని తాకుతుంది, ఆ తర్వాత ఇక్కడ తారీఖు మారి గీత సున్నా నుంచి మళ్ళీ మొదలవుతుంది. ఈ ప్రశ్నలు సమయం తినేస్తాయి. తిననివ్వండి. సమీకరణం దేన్ని చెబుతోందో, ఎంతవరకు చెబుతోందో అడిగే అలవాటు ఇక్కడ పడకపోతే పై తరగతుల్లో ఎవరూ ఆగి నేర్పరు.

11. మొదటి రెండు వారాలు మార్కులు అడగకండి

ఈ దారిలో వెళ్ళే పిల్లలు మొదట్లో వెనకబడతారు. తోటివాళ్ళు పది గీతలు గీసేలోపు వీళ్ళు మూడు గీస్తారు. అందులోనూ కొన్ని కావాలని గీసిన తప్పు గీతలు. బడిలో ఇచ్చిన కాగితం సగం ఖాళీగా వెళ్ళొచ్చు. టీచరుకు ముందే ఒక మాట చెప్పి ఉంచండి, పిల్లల్ని మాత్రం కంగారుపెట్టకండి. రెండు మూడు వారాలకు గీత నిమిషంలో వస్తుంది, అదీ పట్టిక లేకుండా.

పని జరిగిందో లేదో తెలుసుకోవడానికి పరీక్ష కూడా తలకిందులుగానే పెట్టండి. సమీకరణం ఇచ్చి గీత అడగొద్దు. గీత గీసి ఇచ్చి సమీకరణం అడగండి. వై అక్షం మీద 6 దగ్గర మొదలై, కుడికి రెండు వెళ్ళేసరికి మూడు దిగే గీతను గీసి వాళ్ళ ముందు పెట్టండి. అక్షాల మీద అంకెలు చూసి, చెయ్యి వంచి, వై = −(3/2)ఎక్స్ + 6 అని చెప్పి, అడగకుండానే ఎక్స్‌కి 2 వేసి 3 వస్తుందని సరిచూసుకుంటే వాళ్ళకు సరళరేఖ వచ్చినట్టు. అప్పుడు పట్టికా స్కేలూ తిరిగి ఇచ్చేయండి.